కీ తిప్పితే ‘టక్’ మని ఆగిపోయే స్కిడ్ స్టీర్: సెల్ఫ్ విప్పకముందే కొలవాల్సినవి

మీరు అడిగింది ఇదీ: స్కిడ్ స్టీర్ లోడర్‌లో (ముందు బకెట్‌తో మట్టి ఎత్తే చిన్న యంత్రం) కీ తిప్పితే డాష్‌బోర్డు లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఇంజన్ వైపు నుంచి ఒక్కసారి ‘టక్’ మని గట్టిగా వినిపిస్తోంది, అంతే. ఐదారుసార్లు తిప్పగా తిప్పగా ఒకసారి అందుకుంటోంది. పని చేసి వేడెక్కాక ఆపితే మరీ మొండికేస్తోంది. కొత్త బ్యాటరీ వేసినా తేడా లేదు. ఇప్పుడు సెల్ఫ్ మోటార్ (ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటార్) మొత్తం మార్చమంటున్నారు, మార్చాలా వద్దా?

అప్పుడే మార్చకండి. తప్పు సెల్ఫ్‌లోనే ఉండొచ్చు. కానీ ఇవే లక్షణాలు వదులైన ఎర్త్ నట్టు వల్లా వస్తాయి, కప్లర్‌లో (వైర్లు కలిపే ప్లగ్గు) నల్లబడిన ఒక పిన్ను వల్లా వస్తాయి, సాలినాయిడ్ (సెల్ఫ్ మీద ఉండే, కరెంటుతో లాగే పెద్ద స్విచ్) లోపల అరిగిన రెండు రాగి ముక్కల వల్లా వస్తాయి. వీటిలో ఏది అన్నది మల్టీమీటర్‌తో అరగంటలో తేలిపోతుంది. ఒకే షరతు: కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి. స్టార్టింగ్ సర్క్యూట్‌లో లోడ్ లేకుండా తీసిన రీడింగ్‌ను నమ్మి విడిభాగాలు మార్చడం వల్లే మంచి సెల్ఫ్‌లు, మంచి బ్యాటరీలు పాత సామాన్లలోకి పోతుంటాయి.

మీటర్ తీసే ముందు యంత్రాన్ని భద్రంగా నిలపండి. లిఫ్ట్ ఆర్మ్‌లు పూర్తిగా దించి, బకెట్ నేలకు ఆనించి, పార్కింగ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. స్టార్ట్ కాకముందే ఆర్మ్‌లు పైన ఆగిపోయి ఉంటే, తయారీదారు ఇచ్చిన ఆర్మ్ సపోర్ట్ బిగించకుండా వాటి కిందికి చెయ్యి కూడా పెట్టొద్దు. క్యాబిన్ ఎత్తాల్సి వస్తే దాని లాక్ పడిందని కళ్లతో చూశాకే లోపలికి వంగండి. ఉంగరాలు, మెటల్ వాచీ తీసేయండి. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర పెట్టాలి. ప్లస్ విప్పుతుండగా స్పానర్ ఛాసిస్‌కు తగిలితే కొన్ని వందల ఆంపియర్లు ఆ స్పానర్ గుండానే పోతాయి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. సెల్ఫ్ దగ్గర స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి తిప్పే అలవాటు స్కిడ్ స్టీర్ దగ్గర ప్రాణాల మీదికి తెస్తుంది. అలా తిప్పితే సీటు, బార్ (ఆపరేటర్ ఒడి మీదికి దించుకునే సేఫ్టీ బార్), న్యూట్రల్ స్విచ్‌లన్నిటినీ దాటేసి తిప్పినట్టే. ఇంజన్ డోర్ వెనక ఉంటుంది కాబట్టి మీరు నిలబడేది సరిగ్గా యంత్రం వెనకే. ఇంజన్ అందుకుని యంత్రం కదిలితే ఆపడానికి సీట్లో ఎవరూ ఉండరు.

కొలతకు ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, బార్ దించి కీ తిప్పాలి. రెండో మనిషి పక్కగా నిలబడి మీటర్ చూడాలి. మీటర్ వైర్లకు మొసలి క్లిప్పులు తగిలించి, ఫ్యాన్‌కూ బెల్టుకూ దూరంగా పెట్టండి. ఇంజన్‌కు ఫ్యూయల్ కటాఫ్ సాలినాయిడ్ ఉంటే దాని కప్లర్ తీసేయండి, కొలత మధ్యలో ఇంజన్ స్టార్ట్ కాకుండా ఉంటుంది. ఒక్కోసారి 10 సెకన్లకు మించి తిప్పొద్దు, మధ్యలో రెండు నిమిషాలు ఆగండి. సెల్ఫ్‌లో వేడిని బయటికి పంపే ఏర్పాటేమీ లేదు. విడవకుండా తిప్పితే కమ్యుటేటర్ (కార్బన్ బ్రష్‌లు ఆనుకుని కరెంటు అందించే రాగి డ్రమ్ము) దగ్గర టాంకా కరిగిపోతుంది.

ఇప్పుడు సర్క్యూట్ సంగతి. దాన్ని రెండుగా చూడండి. మొదటిది లావు వైర్ల దారి: బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మీది పెద్ద బోల్టుకు, అక్కణ్నుంచి సాలినాయిడ్ కాంటాక్టుల గుండా మోటార్‌కు, మోటార్ బాడీ నుంచి ఇంజన్ బ్లాక్‌కు, ఎర్త్ స్ట్రాప్ ద్వారా తిరిగి బ్యాటరీ మైనస్‌కు. రెండు నుంచి మూడున్నర లీటర్ల డీజిల్ ఇంజన్ తిప్పేటప్పుడు ఈ దారిలో 200 నుంచి 400 ఆంపియర్లు పారడం మామూలే. రెండోది సన్న వైర్ల దారి: ఫ్యూజ్, కీ స్విచ్, ఇంటర్‌లాక్ స్విచ్‌లు (సీటు, బార్ వంటివి సరిగా లేకపోతే ఆపే స్విచ్‌లు) లేదా కంట్రోలర్, స్టార్ట్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), చివరికి సాలినాయిడ్ మీది చిన్న టెర్మినల్. సెల్ఫ్ మీద పెద్ద బోల్టును బి లేదా 30 అనీ, చిన్న టెర్మినల్‌ను ఎస్ లేదా 50 అనీ, మోటార్‌లోకి పోయే బోల్టును ఎం అనీ గుర్తిస్తారు. ఈ మూడూ ఎక్కడున్నాయో ముందు చూసి పెట్టుకోండి.

మీ యంత్రంలో ‘టక్’ వినిపిస్తోంది కాబట్టి సన్న వైర్ల దారి ఎంతో కొంత పనిచేస్తోంది. అయితే ఆ చప్పుడు సాలినాయిడ్‌దా, రిలేదా అన్నది తేల్చుకోండి. రిలే చప్పుడు వేలితో చిటిక వేసినంతే ఉంటుంది, రిలే మీద వేలు పెడితే తెలుస్తుంది. సాలినాయిడ్ చప్పుడు సుత్తి దెబ్బలా ఇంజన్ బ్లాక్ నుంచి వస్తుంది. మీరు రాసిన దాన్నిబట్టి ఇది రెండోదే.

మొదటి కొలత ఇక్కడే. మీటర్ రెండు క్లిప్పులూ బ్యాటరీ పోస్టుల మీద పెట్టండి. క్లాంపుల మీద కాదు, సీసం పోస్టుల మీదే. కీ తిప్పక ముందు ఎంత ఉందో రాసుకోండి. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ కాసేపు ఊరికే ఉన్నాక 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు ఛార్జ్. కొత్త బ్యాటరీ అయినంత మాత్రాన నిండుగా ఉందనుకోవద్దు. నెలల తరబడి అరలో ఉండి 12.2కు దిగిపోయినవీ అమ్ముడవుతుంటాయి. ఛార్జర్ నుంచి అప్పుడే తీసిన బ్యాటరీ అయితే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి, ఆర్పి, కొద్దిసేపాగి కొలవండి. లేకపోతే పైపై ఛార్జ్ ఎక్కువ చూపిస్తుంది.

ఇక కీ తిప్పించండి. ‘టక్’ మన్న క్షణంలో అంకె ఏమైంది? ఈ ఒక్క రీడింగ్ మీ సమస్యను మూడు దారుల్లో ఒకదానికి పంపుతుంది.

అంకె దాదాపు కదలకపోతే, అంటే 12.5 ఉన్నది 12.2 దగ్గరే నిలబడితే, బ్యాటరీ నుంచి పెద్ద కరెంటు బయటికి రావడం లేదు. సాలినాయిడ్ లాగుతోంది కానీ మోటార్‌కు కరెంటు చేరడం లేదు. దారి ఎక్కడో తెగి ఉంది: సాలినాయిడ్ కాంటాక్టులు, కార్బన్ బ్రష్‌లు, లేదా లావు వైరులో బాగా చెడిన ఒక జాయింటు.

అంకె 7 లేదా 8కి, ఇంకా కిందికి పడిపోతే రెండే కారణాలు. బ్యాటరీ బలహీనంగా ఉండాలి, లేదా మోటార్ తిరగలేక విపరీతంగా కరెంటు లాగుతుండాలి. ఏదన్నది డీసీ కొలిచే క్లాంప్ మీటర్ తేలుస్తుంది. వోల్టేజ్ కుప్పకూలినా కరెంటు తక్కువే ఉంటే బ్యాటరీదే తప్పు. కరెంటు 500 దాటి పోతోంది, బ్యాటరీ లోడ్ టెస్టులో నిలుస్తోంది అంటే మోటార్ గానీ ఇంజన్ గానీ బిగుసుకుంది. బ్యాటరీ లోడ్ టెస్ట్ అంటే దాని సీసీఏ రేటింగ్‌లో (చలిలో ఇంజన్ తిప్పడానికి ఎంత కరెంటు ఇవ్వగలదో బ్యాటరీ మీద రాసే అంకె) సగం కరెంటును 15 సెకన్లు లాగడం. 21 డిగ్రీల దగ్గర ఆ 15 సెకన్ల చివర 9.6 వోల్టులకు తగ్గకూడదు.

పోస్టుల మీద 12 పైనే నిలబడి ఉంది, కానీ డాష్‌బోర్డు లైట్లు పూర్తిగా మసకబారాయి లేదా ఆరిపోయాయి అంటే మూడో దారి. బ్యాటరీకి, మిగతా యంత్రానికి మధ్య లావు వైరు, క్లాంపు, ఐసొలేటర్ స్విచ్ (బ్యాటరీని మొత్తం విడదీసే స్విచ్), ఎర్త్, వీటిలో ఒకటి చెడింది.

ఈ మూడో దారి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది తప్పుతోవ పట్టేది ఇక్కడే. ఓమ్‌మీటర్‌తో కేబుల్‌ను చూసి ‘కంటిన్యూటీ ఉంది’ అని వదిలేస్తారు. కేబుల్‌లో వందల తీగల్లో పది మిగిలినా ఓమ్‌మీటర్ బీప్ కొడుతుంది. అసలు మీటర్ సొంత వైర్లలోనే 0.1, 0.2 ఓమ్ ఉంటుంది. సెల్ఫ్ దారిలో 0.01 ఓమ్ అదనంగా చేరితే చాలు, 200 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే పోతాయి. మామూలు మల్టీమీటర్ ఆ 0.01 ఓమ్‌ను చూడలేదు. అందుకే వోల్టేజ్ డ్రాప్ కొలవాలి: కరెంటు పారుతుండగా వైరుకు ఈ చివరా ఆ చివరా క్లిప్పులు పెడితే, ఆ వైరు ఎన్ని వోల్టులు మింగుతోందో మీటరే చెబుతుంది.

క్లిప్ ఒకటి బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, రెండోది సెల్ఫ్ బి బోల్టు మీద, నట్టు మీద కాకుండా బోల్టు కొస మీద. తిప్పేటప్పుడు 0.5 వోల్టుకు మించకూడదు, మంచి కేబుల్ అయితే 0.3 లోపే ఉంటుంది. తర్వాత బ్యాటరీ మైనస్ పోస్టు నుంచి సెల్ఫ్ బాడీకి. పెయింట్ లేని చోట గీకి పెట్టండి, 0.3 లోపు రావాలి. సెల్ఫ్ బి నుంచి ఎం దాకా, అంటే సాలినాయిడ్ కాంటాక్టుల మీదుగా, ఇదీ 0.3 లోపే. ఏ ఒక్క జాయింటు దగ్గరా 0.1 దాటకూడదు. ఎక్కువ వచ్చిన భాగంలో క్లిప్‌ను ఒక్కో జాయింటుకు జరుపుకుంటూ పోతే దోషం ఉన్న చోట అంకె ఒక్కసారిగా గెంతుతుంది. కేబుల్ చివర లగ్గు (బోల్టుకు తగిలించే లోహపు కొస) లోపల, ఇన్సులేషన్ కింద పచ్చగా తుప్పు పట్టడం బయటికి కనిపించదు, ఈ కొలతకు మాత్రం దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. ఈ డ్రాప్ లెక్కలన్నీ కరెంటు పారుతున్నప్పుడే పనికొస్తాయి. మోటార్‌కు కరెంటే చేరని పరిస్థితిలో, అంటే పైన చెప్పిన మొదటి దారిలో, మంచి కేబుల్‌లోనూ చెడ్డ కేబుల్‌లోనూ డ్రాప్ సున్నాకు దగ్గరగానే చూపిస్తుంది. దాన్ని చూసి కేబుల్ బాగుందని తీర్మానించొద్దు. మీ యంత్రం ఐదారుసార్లకు ఒకసారి తిరుగుతోంది కదా, తిరిగిన ఆ ఒక్కసారి రీడింగే తీసుకోండి. మీటర్‌లో మిన్-మ్యాక్స్ (అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగ్‌లను గుర్తుంచుకునే) సదుపాయం ఉంటే పని తేలిక.

స్కిడ్ స్టీర్‌లో ఎర్త్‌ను ప్రత్యేకంగా అనుమానించాలి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది, ఛాసిస్‌తో దానికి లోహపు సంబంధం ఉండదు. బ్యాటరీ మైనస్ చాలా యంత్రాల్లో ఛాసిస్‌కు వస్తుంది, ఛాసిస్ నుంచి ఇంజన్‌కు వేరే స్ట్రాప్ ఉంటుంది. ఈ యంత్రం నడిచినంతసేపూ అదురుతూనే ఉంటుంది, కింద మట్టి, నూనె పేరుకుంటాయి. ఆ స్ట్రాప్ నట్టు వదులవుతుంది, లగ్గు కింద పెయింట్ ఉబ్బి తుప్పు పడుతుంది. స్ట్రాప్ తెగిపోతే సెల్ఫ్ కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది: థ్రాటిల్ కేబుల్, సెన్సర్ల సన్న ఎర్త్ వైర్లు. సెల్ఫ్ కొట్టాక థ్రాటిల్ కేబుల్ వేడిగా తగిలితే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. నిర్ధారణకు బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజన్ బ్లాక్‌కు ఒక జంపర్ కేబుల్ కలిపి తిప్పండి. బ్రహ్మాండంగా తిరిగితే స్ట్రాప్ విప్పి, రెండు వైపులా మెరిసే లోహం వచ్చేదాకా గీకి, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి. ముందు పూసి తర్వాత బిగించొద్దు.

ఇప్పుడు మొదటి దారికి వద్దాం, మీ లక్షణాలు ఎక్కువగా అటే చూపిస్తున్నాయి కాబట్టి. సాలినాయిడ్‌లో రెండు కాయిల్స్ ఉంటాయి. పుల్-ఇన్ కాయిల్ బలమైనది. దాని రెండో కొస ఎం బోల్టుకు కలిసి, బ్రష్‌లు, ఆర్మేచర్ గుండా ఎర్త్ అవుతుంది. హోల్డ్-ఇన్ కాయిల్ చిన్నది, నేరుగా బాడీకి ఎర్త్. కీ తిప్పగానే రెండూ కలిసి ప్లంజర్‌ను (లోపల కదిలే ఇనుప కడ్డీ) లాగుతాయి. అది ఒక కొసతో పినియన్‌ను (సెల్ఫ్ చిన్న పళ్ల చక్రం) రింగ్ గేర్‌లోకి (ఇంజన్ ఫ్లైవీల్ మీది పెద్ద పళ్ల చక్రం) తోసి, రెండో కొసన ఉన్న రాగి డిస్క్‌ను రెండు రాగి కాంటాక్టులకు ఆనిస్తుంది. ఆ ఆనించడంతోనే మోటార్‌కు కరెంటు. అప్పుడు పుల్-ఇన్ కాయిల్‌కు రెండు వైపులా ఒకే వోల్టేజ్ వచ్చి అది తప్పుకుంటుంది, హోల్డ్-ఇన్ ఒక్కటే పట్టుకుని ఉంటుంది.

ప్రతి స్టార్ట్‌కూ ఆ కాంటాక్టుల మీద నిప్పురవ్వ లేచి కొంచెం రాగి కాలిపోతుంది. ఏళ్లు గడిచాక ప్లంజర్ పూర్తిగా లోపలికి వచ్చినా డిస్క్ కాంటాక్టుకు తగలదు, లేదా కాలిన మసి మీద ఆగుతుంది. చప్పుడు వస్తుంది, మోటార్ కదలదు. ప్రతిసారీ డిస్క్ కొద్దిగా తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఐదారుసార్లకు ఒకసారి మంచి చోటు తగులుతుంది. మీరు రాసిన తీరు అచ్చం ఇదే. గేర్ రిడక్షన్ రకం డెన్సో (జపాన్ కంపెనీ) సెల్ఫ్‌లలో ఈ జబ్బు బాగా పేరుబడ్డది.

నిర్ధారణకు కీ తిప్పి పట్టుకుని, ఎర్త్‌తో పోల్చి మూడు చోట్ల కొలవండి. బి దగ్గర 12 ఉంది, ఎస్ దగ్గర 10 పైన ఉంది, ‘టక్’ వచ్చింది, ఎం దగ్గర మాత్రం సున్నాకు దగ్గరగా ఉందంటే కాంటాక్టులు పోయాయి. ఎం దగ్గర కూడా 12 వస్తూ మోటార్ కదలకపోతే, బ్యాటరీ వోల్టేజ్ కూడా పడకపోతే బ్రష్‌లు కమ్యుటేటర్‌ను తాకడం లేదు. బ్రష్‌లు పూర్తిగా తెగితే పుల్-ఇన్ కాయిల్‌కు ఎర్త్ ఉండదు, అందుకే చప్పుడు కూడా బలహీనంగా ఉంటుంది లేదా అసలు రాదు. ఎస్‌కు వోల్టేజ్ వచ్చినా సాలినాయిడ్ మౌనంగా ఉంటే కాయిల్ కంటే ముందు బ్రష్‌లనే చూడండి. సెల్ఫ్‌ను చెక్కతో తడితే తిరిగిందంటే అదీ బ్రష్‌ల సూచనే. కానీ ఇనుప సుత్తితో కొట్టొద్దు, శాశ్వత అయస్కాంతాలున్న మోటార్లలో అవి చిట్లిపోతాయి.

కాంటాక్టులు పోయిన సెల్ఫ్‌ను మొత్తం మార్చాల్సిన పని లేదు. డెన్సో తరహా వాటిలో వెనక మూత మూడు స్క్రూలతో ఉంటుంది. రెండు కాంటాక్టులు, డిస్క్ ఉన్న ప్లంజర్ విడిగా దొరుకుతాయి. మూడూ కలిపి మార్చండి. బ్యాటరీ వైపు కాంటాక్టు ఎక్కువ అరుగుతుంది కదా అని అదొక్కటే మార్చితే ఎత్తులు కలవక డిస్క్ ఒక వైపే ఆనుతుంది. విప్పినప్పుడే బ్రష్‌ల పొడవు, స్ప్రింగ్ బలం, కమ్యుటేటర్ నునుపు చూసేయండి. పినియన్ పళ్లు, వన్‌వే క్లచ్ కూడా తిప్పి చూడండి: ఒక వైపు తిరగాలి, రెండో వైపు పట్టుకోవాలి. మోటార్ లోపల నూనె కనిపిస్తే ఆ లీకు ఆపకుండా కొత్త బ్రష్‌లు వేసి లాభం లేదు.

కాంటాక్టుల మీద తీర్పు ఇచ్చే ముందు ఎస్ టెర్మినల్ రీడింగ్ తప్పకుండా చూడమన్నాను, దానికి కారణం ఉంది. వేడెక్కాక మొండికేయడం అన్న మీ లక్షణానికి ఇదే అసలు కారణం కావచ్చు. సాలినాయిడ్ లాగే క్షణంలో ఎస్ వైరులో 30, 40 ఆంపియర్లు పారతాయి. రిలే లేని పాత యంత్రాల్లో అదంతా కీ స్విచ్ గుండా, నాలుగైదు కప్లర్ల గుండా వస్తుంది. ఒక్కో చోట అర వోల్టు పోతే చివరికి సాలినాయిడ్‌కు మిగిలేది 8 లేదా 9. చల్లగా ఉన్నప్పుడు దాంతో ఎలాగో లాగుతుంది. రాగి తీగ రెసిస్టెన్స్ ప్రతి డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. ఇంజన్ కంపార్ట్‌మెంట్‌లో 60 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే కాయిల్ రెసిస్టెన్స్ సుమారు 23 శాతం పెరిగి, లాగే బలం తగ్గుతుంది. ప్లంజర్ సగం దూరం వచ్చి ఆగుతుంది.

అందుకని ఈ పరీక్షను యంత్రం వేడిగా, మొండికేస్తున్నప్పుడే చేయండి. బ్యాటరీ ప్లస్ పోస్టుకు, ఎస్ టెర్మినల్‌కు మధ్య క్లిప్పులు పెట్టి కీ తిప్పితే 1 వోల్టు లోపు రావాలి. 2, 3 వస్తుంటే సెల్ఫ్ జోలికి పోకుండా వెనక్కి నడవండి: రిలే 87, రిలే 30 (రిలే మీది టెర్మినల్ నంబర్లు), ఫ్యూజ్ హోల్డర్, కీ స్విచ్. ఫ్యూజ్ హోల్డర్ ప్లాస్టిక్ రంగు మారి ఉంటే లోపల క్లిప్ వదులైందని అర్థం.

రిలే లేని యంత్రానికి రిలే పెట్టడం మంచి మరమ్మతు. సెల్ఫ్‌కు దగ్గరగా, వేడి తగలని చోట 40 ఆంపియర్ల రిలే బిగించండి. బి బోల్టు నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజ్ ద్వారా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు రిలే 30కి, అదే మందం వైరు 87 నుంచి ఎస్‌కు. ఇంతకుముందు ఎస్‌కు వచ్చిన పాత వైరు 86కు, ఇంజన్ బ్లాక్ మీది శుభ్రమైన ఎర్త్ 85కు (85, 86 రిలే కాయిల్ కొసలు). ఇలా చేస్తే పాత వైరు మోయాల్సింది రిలే కాయిల్ లాగే 0.2 ఆంపియర్ల లోపు కరెంటునే, పైగా ఇంటర్‌లాక్ స్విచ్‌లన్నీ ఎప్పటిలాగే పనిచేస్తాయి. 86ను కీ స్విచ్ నుంచి కొత్త వైరు లాగి కలపొద్దు, అప్పుడు ఇంటర్‌లాక్‌లు తప్పిపోతాయి.

మిగతా లక్షణాలూ కొన్ని చెబుతాను, ఇదే ఇబ్బందితో చదివేవాళ్లకు పనికొస్తాయి.

టకటకటక మని వరసగా కొట్టుకుంటే చాలావరకు బ్యాటరీ డౌనో, లావు జాయింటు వదులో. కాంటాక్టులు మూసుకోగానే వోల్టేజ్ కుప్పకూలి హోల్డ్-ఇన్ కాయిల్ వదిలేస్తుంది. వదలగానే వోల్టేజ్ కోలుకుని మళ్లీ లాగుతుంది. కంట్రోలర్ ఉన్న యంత్రాల్లో ఇదే వోల్టేజ్ పతనానికి కంట్రోలర్ రీసెట్ అయి రిలేను వదిలేస్తుంది, డిస్‌ప్లే ఆరి మళ్లీ వెలుగుతుంది. చూసినవాళ్లకు రిలే పోయినట్టో, కంట్రోలర్ పోయినట్టో అనిపిస్తుంది. బ్యాటరీ, ఎర్త్ తేలేదాకా కంట్రోలర్ మీద అనుమానం పెట్టుకోవద్దు.

లైట్లు వెలుగుతున్నా అసలు చప్పుడే లేకపోతే సన్న వైర్ల దారి. స్టార్ట్ రిలే తీసి సాకెట్‌లో చూడండి. 30 దగ్గర ఎప్పుడూ 12 ఉండాలి. కీ తిప్పి పట్టుకున్నప్పుడు 85, 86 మధ్య 12 రావాలి. ఇక్కడ మీటర్ కంటే 21 వాట్ల బల్బుతో చేసిన టెస్ట్ ల్యాంప్ నమ్మకమైనది. ఒక్క తీగ మీద వేలాడే వైరు కూడా మీటర్‌కు 12 చూపిస్తుంది, బల్బు మాత్రం మసకబారుతుంది. కంట్రోలర్ లైన్ల మీద మాత్రం ఆ బల్బు వాడొద్దు, అక్కడ మీటరే. 86కు 12 ఉండి 85కు ఎర్త్ రాకపోతే చాలా యంత్రాల్లో ఆ ఎర్త్ ఇచ్చేది కంట్రోలరే, అది అనుమతించడం లేదన్నమాట. డిస్‌ప్లేలో ఫాల్ట్ కోడ్ చూడండి, సీటు, బార్, పార్కింగ్ బ్రేక్ గుర్తులు సరిగా మారుతున్నాయా చూడండి. పాస్‌వర్డ్ ప్యానెల్ ఉంటే అది లాక్‌లో ఉందేమో కూడా.

బార్, సీటు స్విచ్‌లు ఏ యంత్రంలో ఏం ఆపుతాయన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. కొన్నిటిలో అవి సరిగా లేకపోతే సెల్ఫే తిరగదు. కొన్నిటిలో సెల్ఫ్ తిరుగుతుంది, హైడ్రాలిక్స్, చక్రాలు మాత్రం లాక్‌లో ఉంటాయి. మీ మోడల్ వైరింగ్ డయాగ్రామ్ చూడకుండా ఊహించొద్దు. సీటు కింద వైరు సీటు రైలులో నలగడం, బార్ పివట్ దగ్గర సెన్సర్ అయస్కాంతం ఊడిపోవడం, మట్టి గట్టిపడి బార్ పూర్తిగా దిగకపోవడం, ఎక్కువగా ఇవే. క్యాబిన్ ఎత్తే యంత్రాల్లో మడత దగ్గర హార్నెస్ (వైర్ల కట్ట) రాసుకుని లోపల వైరు తెగుతుంది. ఆ చోట హార్నెస్‌ను చేత్తో కదుపుతూ టెస్ట్ ల్యాంప్ చూడండి. ఈ స్విచ్‌లను షార్ట్ చేసి పని నడపడం మాత్రం ఎంత తొందరలోనైనా వద్దు. ఆపరేటర్ బయటికి వంగినప్పుడు ఆర్మ్ కదలకుండా ఆపేది అవే.

బరువుగా, నెమ్మదిగా తిరిగితే వోల్టేజ్, కరెంటు రెండూ కలిపి చదవండి. వోల్టేజ్ బాగుండి కరెంటు తక్కువగా ఉంటే దారిలో రెసిస్టెన్స్. వోల్టేజ్ తక్కువ, కరెంటు ఎక్కువ అయితే యాంత్రిక బరువు. స్కిడ్ స్టీర్‌లో హైడ్రోస్టాటిక్ పంపులు (నూనె ఒత్తిడితో చక్రాలను నడిపేవి) ఇంజన్‌తో పాటే తిరుగుతాయి, క్లచ్ ఉండదు. చలిలో తప్పు గ్రేడ్ నూనె ఉంటే సెల్ఫ్ ఆ నూనెను కూడా తిప్పాలి. ఆక్సిలరీ హైడ్రాలిక్స్ ఆన్‌లో ఉండి అటాచ్‌మెంట్ బిగుసుకుని ఉన్నా అంతే. క్రాంక్ పుల్లీ బోల్టును పొడవు హ్యాండిల్‌తో ఇంజన్ తిరిగే దిశలో రెండు చుట్లు తిప్పి చూడండి. ఒక చోట గట్టిగా అడ్డుకుంటే సిలిండర్‌లో ద్రవం చేరి ఉండొచ్చు, అప్పుడు సెల్ఫ్‌తో బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

చురుగ్గా తిరుగుతోంది, అందుకోవడం లేదు అంటే ఎలక్ట్రికల్‌గా రెండు చోట్లు. ఫ్యూయల్ సాలినాయిడ్: లాగే కాయిల్ ఒక్క క్షణమే పనిచేయాలి, పట్టుకునే కాయిల్ కీ ఆన్‌లో ఉన్నంతసేపూ. కీ స్టార్ట్ నుంచి వదలగానే ఇంజన్ ఆగిపోతే పట్టుకునే కాయిల్‌కు కరెంటు లేదు. లింక్ సర్దుబాటు తప్పి ప్లంజర్ చివరిదాకా రాకపోతే లోపల స్విచ్ ఉన్న రకాల్లో లాగే కాయిల్ అలాగే ఆన్‌లో ఉండి కాలిపోతుంది. రెండోది గ్లో ప్లగ్‌లు (చలిలో డీజిల్ అంటుకోవడానికి సిలిండర్‌ను వేడిచేసేవి): పైపట్టీ తీసి ఒక్కోటీ కొలిస్తే సాధారణంగా 0.5 నుంచి 2 ఓమ్‌ల మధ్య ఉండాలి. అన్నిటికీ ఒకేసారి కరెంటు రాకపోతే రిలే, ఫ్యూజ్ చూడండి. గ్లో ప్లగ్‌లున్న ఇంజన్‌లో ఈథర్ స్ప్రే కొట్టొద్దు, మానిఫోల్డ్‌లోనే మండిపోతుంది.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే కీ ఆఫ్ చేసి, కంట్రోలర్లు నిద్రపోయే దాకా కొన్ని నిమిషాలు ఆగి, మైనస్ వైరుతో వరసగా ఆమ్‌మీటర్ పెట్టండి. 50 మిల్లీఆంపియర్లు దాటితే ఫ్యూజ్‌లు ఒక్కోటీ తీస్తూ ఎక్కడ పడిపోతుందో చూడండి. అన్నీ తీసినా పడకపోతే ఆల్టర్నేటర్ బి వైరు విప్పి చూడండి, డయోడ్ లీకవుతుండొచ్చు. ఇంజన్ నడుస్తున్నప్పుడు పోస్టుల మీద 13.8 నుంచి 14.5 రావాలి. ఛార్జింగ్ పరీక్ష పేరుతో నడుస్తున్న ఇంజన్‌కు బ్యాటరీ వైరు తీయకండి, ఆ వోల్టేజ్ పోటుకు కంట్రోలర్ పోతుంది.

సెల్ఫ్ తీయాలని తేలితే, తిరిగి బిగించేటప్పుడు ఫ్లాంజ్ మీద, హౌసింగ్ మీద పెయింట్, తుప్పు గీకేయండి. మోటార్‌కు ఎర్త్ ఆ ముఖం గుండానే వస్తుంది. బి బోల్టు నట్టు బిగించేటప్పుడు లోపలి నట్టును ఇంకో స్పానర్‌తో పట్టుకోండి, లేకపోతే బోల్టు తిరిగి లోపలి కాంటాక్టు పక్కకు జరుగుతుంది, కొత్త కాంటాక్టులతో కూడా పాత ‘టక్’ మళ్లీ మొదలవుతుంది. బిగించాక ప్లస్ వైపు, మైనస్ వైపు, ఎస్ వైపు మూడు డ్రాప్‌లూ మరోసారి తీసి రాసి పెట్టుకోండి. వేడి మీద కూడా ఒకసారి తీయండి.